నది దాటితే జిల్లా మారుతోంది: లొత్ ఒడ్డు ఊళ్ళలో ఇల్లు చూస్తున్నాం, సలహా కావాలి

ఇందు_తులూజ్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటున్నాం. మా వారికి ఫిజాక్‌లో విమాన విడిభాగాలు తయారుచేసే కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. ఫిజాక్‌లోనే ఉండవచ్చు గానీ, నగరం వదిలి వెళ్తున్నప్పుడు కనీసం కిటికీలోంచి లొత్ నది కనబడాలని నేను పట్టుబట్టాను. అలా వెతుకుతూ కజార్క్ దగ్గర ఆగాం.

రెండు ఇళ్ళు నచ్చాయి. ఒకటి కజార్క్‌లోనే, పాత ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే వీధికి లోపలి వైపు ఉన్న రాతి ఇల్లు. మెట్లు నిటారుగా ఉన్నాయి, వంటగది ఇరుకు. రెండోది నది దాటి కారులో కొద్ది నిమిషాల దూరం. చిన్న తోట, అంజూరపు చెట్టు, అద్దె కూడా తక్కువ. ఊరి పేరు సల్వన్యాక్-కజార్క్. పేరులో కజార్క్ ఉంది కాబట్టి ఇది కూడా అదే ఊరి శివారు అనుకున్నాను. ఇంటికి వచ్చి కాగితాలు చూస్తే కజార్క్ జిల్లా నంబరు 46, దీని నంబరు 12!

అప్పటినుంచి తల తిరుగుతోంది. కమ్యూన్, కొమ్యూనొతే, కాంతొన్, అరొందిస్మాన్, దెపార్తెమాన్, రెజియోన్. ఆరు అంతస్తుల మేడ ఇది. ఏ పనికి ఏ అంతస్తుకు వెళ్ళాలి? బాబుకు ఆరేళ్ళు, బడిలో చేర్చాలి. నా నివాస కార్డు గడువు ఈ ఏడాదే ముగుస్తుంది. తెలిసినవారు విడమరచి చెప్పండి.

రవి_చక్రాలు | సోమవారం, రాత్రి 10:05

రెండోది తీసుకోండి. అద్దె తక్కువ, అంజూరాలు ఉచితం. నంబరు ఏదయితే ఏమిటి, అంతా ఫ్రాన్సే కదా.

ఇంకొకటి, 'లొత్' అని రాశారు. ఫ్రెంచిలో చివరి 'త' పలకరు. 'లో' అనాలి.

పటాలపిచ్చి | సోమవారం, రాత్రి 11:18

రవి గారూ, అక్కడికి వెళ్ళి 'లో' అంటే కాఓర్ బజారులో పట్టుబడిపోతారు. ఈ నది పేరులో 'త్' స్పష్టంగా పలుకుతారు. ఇందు గారు రాసిందే సరి.

అసలు ఆ పేరే ఒక తప్పు చదువు. ఆ ప్రాంతపు పాత భాష ఒక్సితాన్‌లో నది పేరు 'ఓల్త్'. దాని ముందు ఫ్రెంచి వారి 'ల' చేరి 'లోల్త్' అయింది, పలికి పలికి అరిగి 'లొత్' అయింది. అప్పుడు ఆ 'ల' పేరులో భాగమే అనుకొని దాని ముందు ఇంకొక 'ల' పెట్టారు. పాత పేరు పూర్తిగా పోలేదు. బలగియే-దోల్త్, సేన్-జెనియే-దోల్త్, సేన్-వేన్సాన్-రీవ్-దోల్త్ అనే ఊళ్ళ తోకల్లో ఇప్పటికీ ఆ 'ఓల్త్' వేలాడుతూనే ఉంది.

ఇక నంబర్ల సంగతి. 1790లో పాత సంస్థానాల పేర్లు చెరిపేయాలని విప్లవ ప్రభుత్వం దేశాన్ని 83 ముక్కలు చేసి, చాలావాటికి నదుల పేర్లు, కొండల పేర్లు పెట్టింది. కెర్సీ అనే ప్రాంతం లొత్ జిల్లా అయింది. పక్కనున్న రూయెర్గ్ అవేరోన్ జిల్లా అయింది. అక్షర క్రమంలో అంకెలు వేశారు కాబట్టి అవేరోన్ 12, లొత్ 46. అయితే నది మాత్రం ఏ ఒక్క జిల్లాకూ సొంతం కాదు. లొజేర్ కొండల్లో పుట్టి, అవేరోన్ మీదుగా, కాంతాల్ అంచును తాకి, లొత్ జిల్లాలో వంకర్లు తిరిగి, లొత్-ఎ-గారోన్ జిల్లాలో ఎగ్వియోన్ దగ్గర గారోన్ నదిలో కలుస్తుంది. దాదాపు 480 కిలోమీటర్ల ప్రయాణంలో అయిదు జిల్లాలు.

కజార్క్ ఎగువన చాలా దూరం నదే సరిహద్దు. ఉత్తరపు గట్టు కెర్సీ, దక్షిణపు గట్టు రూయెర్గ్. దిగువకు వస్తే రెండు గట్లూ లొత్ జిల్లావే. అంటే మీ అంజూరపు చెట్టు సరిగ్గా చిక్కుముడి ఉన్నచోటే కాసింది.

సీతారామయ్య_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:50

అమ్మా ఇందూ, నేను రాజమండ్రిలో ఉంటాను. రెవెన్యూ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి తులూజ్‌లో ఉండటంతో రెండుసార్లు ఆ వైపు తిరిగాను. మన లెక్కలో చెప్తాను, తేలికగా ఎక్కుతుంది.

దెపార్తెమాన్ అంటే జిల్లా. ప్రెఫె అంటే కలెక్టరు. ఎన్నికైనవాడు కాదు, ప్రభుత్వం పంపినవాడు. నెపోలియన్ 1800లో పెట్టిన పదవి. కలెక్టరు ఉండే ఊరు ప్రెఫెక్చూర్: లొత్‌కు కాఓర్, అవేరోన్‌కు రొదేజ్. జిల్లాలో రెవెన్యూ డివిజన్లు ఉంటాయి చూశావూ, అవే అరొందిస్మాన్లు. లొత్‌లో మూడు: కాఓర్, ఫిజాక్, గుర్దోన్. ఫిజాక్‌లోనూ గుర్దోన్‌లోనూ సూ-ప్రెఫె ఉంటాడు, అంటే మన ఆర్డీవో. డివిజన్ కింద మండలాలు, అవి కాంతొన్లు. మండలం కింద పంచాయతీ, అది కమ్యూన్.

నీ రెండో ఇంటికి డివిజన్ కేంద్రం విల్‌ఫ్రాన్ష్-ద-రూయెర్గ్ అవుతుంది. కలెక్టరాఫీసు రొదేజ్.

శారద_కెర్సీ | మంగళవారం, మధ్యాహ్నం 1:22

మాస్టారూ, నమస్కారం. ఒక్క మెట్టు దగ్గర మాత్రం మిమ్మల్ని ఆపాలి. కాంతొన్ మండలం కాదండి. మండలానికి ఒక ఆఫీసు, ఎమ్మార్వో, జీపు ఉంటాయి. కాంతొన్‌కు ఏమీ ఉండవు. జిల్లా మండలికి సభ్యులను ఎన్నుకోవడానికి గీసిన నియోజకవర్గం, అంతే. 2015లో ఈ గీతలు మళ్ళీ గీశారు. లొత్‌లో 31 ఉండేవి, 17 మిగిలాయి. ఒక్కో కాంతొన్ నుంచి ఒక స్త్రీ, ఒక పురుషుడు జంటగా పోటీ చేసి జంటగా గెలుస్తారు. ఇందు గారు కాంతొన్ అనే మాటను ఎన్నికల రోజు దాకా మరచిపోవచ్చు.

నేను ఈ జిల్లాలో పద్ధెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నాక 2020లో మా ఊరి కౌన్సిల్‌కు ఎన్నికయ్యాను. మా ఊరి జనాభా రెండు వందలకు లోపే. కాబట్టి పుస్తకం చూసి కాదు, కాళ్ళరిగి చెబుతున్నాను.

బాబు బడి కమ్యూన్ చేతిలో ఉంటుంది. పేరు నమోదు మేరీలో, అంటే ఊరి పురపాలక కార్యాలయంలో. చిన్న ఊళ్ళలో పిల్లలు సరిపోక మూడు నాలుగు కమ్యూన్లు బడిని పంచుకుంటాయి. మా దగ్గర చిన్న తరగతులు ఒక ఊళ్ళో, పెద్ద తరగతులు ఇంకొక ఊళ్ళో, భోజనాల గది మూడో ఊళ్ళో. మధ్యలో బస్సు. మీరు ఒక కమ్యూన్‌లో ఉంటూ పిల్లవాడిని ఇంకొక కమ్యూన్ బడిలో వేయాలంటే మినహాయింపు అడగాలి. ఖర్చులో మీ ఊరు వాటా ఇవ్వాలా వద్దా అని ఇద్దరు మేయర్లు మాట్లాడుకోవాలి. చాలావరకు ఒప్పుకుంటారు, కానీ అడగకుండా వెళ్తే మొహం చిట్లిస్తారు.

పదకొండేళ్ళు వచ్చాక కొలేజ్ అనే మాధ్యమిక పాఠశాల, ఆ భవనం జిల్లా బాధ్యత. ఆ తరువాత లిసే అనే పై తరగతుల బడి, అది రెజియోన్, అంటే కొన్ని జిల్లాలు కలిసిన ప్రాంతం, బాధ్యత. బడి బస్సు కూడా రెజియోన్‌దే. ఇక్కడ మీకు అదృష్టం: లొత్, అవేరోన్ రెండూ ఒక్సితానీ రెజియోన్‌లోనే ఉన్నాయి, బడులను చూసే తులూజ్ అకాదెమీ కూడా రెంటికీ ఒకటే. నది వెంట ఇంకా దిగువకు వెళ్ళి లొత్-ఎ-గారోన్‌లో ఇల్లు చూసి ఉంటే రెజియోన్ కూడా మారిపోయేది.

చెత్త, చిన్నపిల్లల క్రెష్, ఈత కొలను లాంటివి కమ్యూన్లు కలిసి కట్టుకున్న సంఘం చూస్తుంది. మీరు కొమ్యూనొతే అని రాసింది అదే. కజార్క్ అయితే గ్రాన్-ఫిజాక్ కిందికి వస్తుంది.

మీ నివాస కార్డు మాత్రం అసలు చిక్కు. అది మీరు నివసించే జిల్లా ప్రెఫెక్చూర్ పని. ఇల్లు మారిన మూడు నెలల్లోపు కొత్త చిరునామా తెలియజేయాలి. కజార్క్ ఇల్లయితే మీ ఫైలు కాఓర్ వెళ్తుంది. అంజూరపు చెట్టు ఇల్లయితే రొదేజ్. దరఖాస్తులు ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే, కానీ ఎప్పుడో ఒకప్పుడు స్వయంగా రమ్మంటారు. కజార్క్ నుంచి కాఓర్ నది పక్కనే సుమారు గంట దారి. రొదేజ్ దానికన్నా దూరం.

రవి_చక్రాలు | మంగళవారం, సాయంత్రం 6:31

రెండు వందల మందికి ఒక మేయరు, ఒక కౌన్సిల్, ఒక ఆఫీసు! ఫ్రాన్స్ మొత్తంలో దాదాపు 35,000 కమ్యూన్లు ఉన్నాయని చదివాను. ఇది ప్రజాస్వామ్యమా, దుబారానా? పదింటిని కలిపి ఒకటి చేస్తే సగం కాగితాలు మిగులుతాయి.

యానాం_రాజు | మంగళవారం, రాత్రి 8:14

శారద గారు 'మేరీ' అనగానే ప్రాణం లేచి వచ్చింది. 1880లో ఫ్రెంచి ప్రభుత్వం మన దేశంలోని తన స్థావరాలను కమ్యూన్లుగా చేసినప్పుడు యానాం కూడా ఒక కమ్యూన్. మేయరు, పురసభ, పుట్టుక చావుల రిజిస్టరు, అన్నీ ఇదే పద్ధతిలో. 1954 నవంబరులో యానాం భారతదేశం చేతికి వచ్చాక కూడా మా తాతగారు మున్సిపల్ ఆఫీసును 'మేరీ' అనే అనేవారు. "మేరీకి వెళ్ళి కాగితం పట్రా" అంటే చిన్నప్పుడు మేరీ అనే ఆవిడ ఎవరో కాగితాలు ఇస్తుందనుకునేవాణ్ణి.

శారద_కెర్సీ | మంగళవారం, రాత్రి 10:47

రాజు గారూ, మా ఊరి మేరీలోనూ ఒక ఆవిడే కాగితాలు ఇస్తుంది. కార్యదర్శి. మంగళవారం ఉదయం, శుక్రవారం మధ్యాహ్నం మా ఊళ్ళో, మిగతా రోజులు ఇంకో రెండు ఊళ్ళలో. ఆవిడ సెలవు పెడితే మూడు ప్రభుత్వాలు స్తంభించిపోతాయి.

రవి గారూ, దుబారా అన్నారు కదా, ఒక రాత్రి మా కౌన్సిల్ ఎలా జరుగుతుందో చెబుతాను. మేయరు గొర్రెల రైతు. ఇక్కడి గొర్రెలకు కళ్ళ చుట్టూ నల్లటి మచ్చలుంటాయి, నల్ల కళ్ళజోడు పెట్టుకున్నట్టు ఉంటాయి. ఆయన దొడ్డి మూసి, బూట్లు గుమ్మం దగ్గర విదిలించి, ఎనిమిదిన్నరకు వచ్చి కూర్చుంటాడు. వెనుక గూట్లో గణతంత్రానికి గుర్తయిన మరియాన్ విగ్రహం, ముక్కు కొస కాస్త ఊడింది. మొన్నటి అజెండాలో మొదటి అంశం చర్చి కప్పు. 1905 చట్టానికి ముందు కట్టిన ఊరి చర్చిలు కమ్యూన్ ఆస్తి. కేథడ్రల్ అయితే ప్రభుత్వానిది, మామూలు చర్చి అయితే మాది. ఆదివారం పూజకు పట్టుమని పదిమంది రారు, మేయరుకు దేవుడి మీద నమ్మకమే లేదు, అయినా ఆ పలకరాళ్ళ కప్పు కారితే బాధ్యత ఆయనదే. రెండో అంశం వాగు దగ్గరి రోడ్డు గుంటలు. మూడోది స్మశానం గోడ.

రెండు గంటలు వాదించుకున్నాం. కప్పుకు ప్రభుత్వాన్ని, జిల్లాను గ్రాంట్లు అడగాలని, గుంటలు ఈ ఏడాదికి మట్టితో పూడ్చాలని తేలింది. గోడ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే గోడకు ఆనుకున్న పొలం ఉపమేయరుది. మాలో ఎవరికీ జీతం లేదు. మేయరుకు, ఉపమేయర్లకు చిన్న భత్యం వస్తుంది. మేయరు భత్యం ఆయన డీజిల్‌కు సరిపోతుందో లేదో.

కలిపేస్తే ఆ గుంటలు ఎవరు చూస్తారో చెప్పండి, అప్పుడు నేనూ మీ పక్షానే ఓటు వేస్తాను.

రవి_చక్రాలు | బుధవారం, ఉదయం 7:55

గుంటలకు మీరు కూడా మట్టే పోశారు కదండీ. అది పెద్ద మున్సిపాలిటీ కూడా చేయగలదు. (నవ్వుతూ అంటున్నాను.)

కానీ కలపడం అక్కడ అసలు జరగలేదా?

పటాలపిచ్చి | బుధవారం, ఉదయం 9:30

జరిగింది, జరుగుతోంది. 'కొత్త కమ్యూన్' అనే పేరుతో. కాఓర్ ఎగువన సేన్-జేరీ, వేర్ అనే రెండు ఊళ్ళు 2017లో కలిసి సేన్-జేరీ-వేర్ అయ్యాయి. అదే ఏడాది కూర్, లరోక్-దేజార్క్, వల్రూఫియే అనే మూడు కలిసి బెల్‌ఫోన్-ల-రోజ్ అయ్యాయి. లరోక్-దేజార్క్ అంటే 'కమానుల కొండ'. రోమన్లు వేర్ దగ్గరి నీటిని కాఓర్‌కు తెచ్చిన కాలువ కమానులు అక్కడ ఉండేవి. రెండు వేల ఏళ్ళ జ్ఞాపకం ఉన్న పేరు, ఇప్పుడు కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో. నాకైతే బాధగానే ఉంది.

గీతలు మార్చడం ఈ జిల్లాకు కొత్త కాదు. మొదట్లో లొత్ ఇంతకన్నా చాలా పెద్దది. మొంతొబాన్, మ్వాసాక్ కూడా ఇందులోనే ఉండేవి. మొంతొబాన్ కాఓర్ కన్నా పెద్ద పట్టణం, అయినా కలెక్టరు కాఓర్‌లో. ఆ ఊరివారికి కడుపుమంట. 1808లో నెపోలియన్ ఆ దారిన వచ్చినప్పుడు మొరపెట్టుకున్నారు. అదే ఏడాది నవంబరులో చుట్టుపక్కల జిల్లాల నుంచి ముక్కలు కోసి తార్న్-ఎ-గారోన్ అనే కొత్త జిల్లా సృష్టించి మొంతొబాన్‌ను కేంద్రం చేశారు. లొత్‌కు దక్షిణాన ఉన్న మంచి మైదానం అంతా పోయింది. జిల్లా కేంద్రం మా ఊరికే కావాలని మన దగ్గర 2022లో ఎన్ని నిరాహారదీక్షలు జరిగాయో తలచుకోండి. అక్కడ ఒక చక్రవర్తి ఒక్కసారి ఆగితే సరిపోయింది.

ఇందు గారి చిక్కులాంటిదే ఇంకొకటి, ఇంకా పెద్దది: కాప్‌దెనాక్. కొండమీది పాత కోట ఊరు లొత్ జిల్లాలో. 19వ శతాబ్దంలో రైలు వచ్చినప్పుడు స్టేషను నదికి అవతల పల్లంలో కట్టారు. స్టేషను చుట్టూ ఒక పట్టణమే పెరిగింది. పేరు కాప్‌దెనాక్-గార్, అంటే 'స్టేషను కాప్‌దెనాక్'. అది అవేరోన్ జిల్లా. తల్లి ఊరు కన్నా పిల్ల ఊరు ఎన్నో రెట్లు పెద్దదై కూర్చుంది. కానీ రెండూ గ్రాన్-ఫిజాక్ సంఘంలోనే ఉన్నాయి. అంటే ఆ సంఘం జిల్లా గీతను దాటేసింది.

సీతారామయ్య_మాస్టారు | బుధవారం, ఉదయం 11:02

కాప్‌దెనాక్ పేరు ఎత్తావు కాబట్టి ఒక మాట. జూలియస్ సీజర్ గాల్ దేశంలో, అంటే ఆనాటి ఫ్రాన్స్‌లో, చేసిన చివరి పెద్ద ముట్టడి ఉక్సెల్లొదూనుమ్ దగ్గర, క్రీస్తు పూర్వం 51లో. కోటలో వారికి నీళ్ళిచ్చే ఊటను సొరంగం తవ్వి మళ్ళించాడు, లొంగినవారి చేతులు నరికించాడు. ఆ కోట మాదంటే మాదని ఈ జిల్లా ఊళ్ళు తరతరాలుగా కొట్టుకున్నాయి. ఈజిప్టు బొమ్మల లిపిని చదివిన షాంపోలియోన్ ఫిజాక్‌లో పుట్టాడు కదా, ఆయన అన్నగారు కాప్‌దెనాకే ఆ చోటు అని గ్రంథమే రాశాడు. లుజెష్ వాళ్ళు మాదన్నారు. చివరకు 2001లో ప్రభుత్వం దోర్దోన్య్ నది వైపున్న ప్యూయి-దిసొలూ కొండకు ముద్ర వేసింది. మా అబ్బాయి నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఇప్పటికీ కాప్‌దెనాక్‌లో ఆ మాట అంటే ఊరుకోరట.

పర్యవేక్షకుడు | బుధవారం, ఉదయం 11:40

మాస్టారూ, సీజర్ కోసం వేరే చర్చ తెరవండి, మేమందరం వస్తాం. ఇక్కడ ఇందు గారు ఇల్లు వెతుక్కుంటున్నారు.

సురేశ్_వ్యాను | బుధవారం, రాత్రి 11:58

చదువుకునే రోజుల్లో ఒక వేసవి అంతా ఆ ప్రాంతంలో పార్సెళ్ళు పంచే వ్యాను నడిపాను. సంస్థ పేరు వద్దు. ఇందు గారూ, ఏ ఇల్లు తీసుకున్నా ఒకటి చూడండి: ఇంటికి అంకె, వీధికి పేరు ఉన్నాయా?

అక్కడ చాలా ఇళ్ళకు చిరునామా అంటే ఒక చోటి పేరు మాత్రమే. 'పెష్' అంటే మెట్ట, 'కొంబ్' అంటే లోయ, 'మాస్' అంటే పొలంలో ఉన్న ఇల్లు, 'ఇగ్' అంటే సున్నపురాయి నేల కూలి ఏర్పడిన గొయ్యి. ఒకే పోస్టల్ కోడ్ కింద 'ల మాస్' అనే చోట్లు మూడు నాలుగు ఉండేవి. ఒకసారి వాషింగ్ మెషీను వేసుకొని, సాయంత్రం ఏడు గంటలకు ఒక మెట్ట మీదికి ఎక్కాను. తలుపు తీసిన ముసలాయన కాగితం చూసి, "ఇది ఆ మాస్ బాబూ, ఆ లోయ అవతల" అని చేయి చూపించాడు. లోయ అవతల అంటే పద్ధెనిమిది కిలోమీటర్లు తిరిగి రావాలి. నా మొహం చూసి మంచినీళ్ళూ, వాల్‌నట్ల కేకూ పెట్టాడు. రావిచెట్టు పక్క సందు, రామాలయం ఎదురు ఇల్లు అని వెతికి పెరిగినవాణ్ణి. కానీ అక్కడ రావిచెట్టు ఏదో అడగడానికి దారిలో మనిషి ఉండడు.

2022లో వచ్చిన చట్టం తరువాత చిన్న కమ్యూన్లు కూడా దారులకు పేర్లు పెట్టాల్సి వచ్చింది, కాబట్టి ఇప్పుడు మెరుగయి ఉండాలి. కానీ పోస్టల్ కోడ్ చూసి కమ్యూన్ ఏదో తేల్చకండి. కోడ్ తపాలా వారిది, ఒక కోడ్ కింద బోలెడు కమ్యూన్లు ఉంటాయి.

శారద_కెర్సీ | గురువారం, ఉదయం 8:20

సురేశ్, దారులకు పేర్లు పెట్టడానికి మా కౌన్సిల్‌కు మూడు సమావేశాలు పట్టాయి. 'పాత బావి దారి' అని ఇద్దరు కావాలన్నారు, ఇద్దరివీ వేర్వేరు బావులు.

ఇందు_తులూజ్ | ఆదివారం, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. శనివారం మళ్ళీ వెళ్ళి వచ్చాం.

ముందు ఫిజాక్ వెళ్ళాం, అక్కడ శనివారం సంత. తరువాత రాతల చౌకులో నేలంతా పరచిన పెద్ద నల్లరాయి మీద బాబు పరుగులు పెట్టాడు. ఈజిప్టు బొమ్మల లిపిని చదవడానికి తోడ్పడిన రొసెట్టా రాతికి పెద్ద నకలు, 1991లో ఒక అమెరికన్ కళాకారుడు చేశాడట. మూడు లిపులు, మూడు మెట్లు. ఒక భాష మీద నిలబడి ఇంకో భాష మీదికి దూకుతుంటే వాడికి భలే సరదా.

తరువాత కజార్క్. శారద గారు చెప్పినట్టు ముందు మేరీకి వెళ్ళాలనుకున్నాను గానీ, శనివారం కావడంతో తలుపు మీది వేళల కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకొచ్చాను. ఎదురుగా కాఫీ దుకాణంలో కూర్చుంటే, పక్క బల్ల దగ్గరి పెద్దాయన మాటల్లో పెట్టాడు. దేశాధ్యక్షుడు పొంపిదూకు ఇక్కడ ఇల్లు ఉండేదని, 1965లో ప్రధానమంత్రిగా ఉండగానే ఈ ఊరి కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడని చెప్పాడు. "ప్యారిస్‌లో ప్రధాని, ఇక్కడ మాతోపాటు ఒక సభ్యుడు" అంటూ తన పెరట్లో పుచ్చకాయ కాసినంత గర్వంగా చెప్పాడు.

ఆ తరువాత నది దాటాం. పటాలపిచ్చి గారూ, మీరు చెప్పిన గీతను కళ్ళారా చూశాను. రోడ్డు పక్కన అవేరోన్ అని చిన్న బోర్డు. అక్కడినుంచి తారు రంగు మారింది. ఇటు నల్లగా, అటు బూడిద రంగులో. రెండు జిల్లాల గుత్తేదార్లు ఎక్కడ ఆగారో గీత గీసినట్టు కనబడుతోంది. మా వారు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడి, "నా కుడికాలి ఫైలు రొదేజ్‌కు, ఎడమకాలిది కాఓర్‌కు" అన్నారు.

అంజూరపు చెట్టు ఇల్లు మళ్ళీ చూశాను. మనసు లాగింది. కానీ కార్డు గడువు ముగిసే ఏడాదిలో రొదేజ్ ప్రయాణాలు, బాబు బడికి ఇద్దరు మేయర్ల ఒప్పందం, ఇవి నావల్ల కావు.

రవి_చక్రాలు | ఆదివారం, రాత్రి 9:41

అంటే ఇరుకు వంటగది ఇల్లా? అయ్యో అంజూరాలు!

పటాలపిచ్చి | ఆదివారం, రాత్రి 10:10

కజార్క్ తీసుకుంటే దిగువకు తప్పకుండా వెళ్ళండి. నది పక్కన డి 662 రోడ్డు మీద సేన్-సిర్-లపొపీ దాకా. బూజియెస్ దగ్గర పడవలు లాగే మనుషుల కోసం, గుర్రాల కోసం కొండను తొలిచి వేసిన దారి ఉంది. తలపైన రాయి, పక్కన నీళ్ళు. ద్రాక్షసారా పీపాలు బోర్దో వెళ్ళిన కాలపు దారి. కాఓర్–కాప్‌దెనాక్ రైలు ఇప్పుడు తిరగదు కాబట్టి కారు తప్పదు. మీవారి ఉద్యోగానికి ఫిజాక్ సుమారు 25 కిలోమీటర్లు, రోజూ వెళ్ళిరావచ్చు.

యానాం_రాజు | సోమవారం, ఉదయం 7:05

జనాభా సంగతి చూసి ఆశ్చర్యపోయాను. 1850 ప్రాంతంలో లొత్ జిల్లాలో 2,90,000 పైచిలుకు మనుషులు, ఇప్పుడు దాదాపు 1,75,000. అంత జనం ఎక్కడికి పోయారు శారద గారూ?

శారద_కెర్సీ | సోమవారం, మధ్యాహ్నం 12:50

ద్రాక్షతోటలకు ఫిలాక్సెరా పురుగు పట్టింది, బతుకు లేక తులూజ్, ప్యారిస్ వెళ్ళారు. మిగిలినవారిలో మగపిల్లలను మొదటి ప్రపంచయుద్ధం తీసుకెళ్ళింది. ప్రతి ఊళ్ళోనూ మేరీ దగ్గరో చర్చి దగ్గరో ఒక స్మారకరాయి ఉంటుంది. మా ఊరి రాయి మీద ఒకే ఇంటి పేరుతో నలుగురున్నారు. ఆ ఇంటి పేరు వాళ్ళు ఊళ్ళో ఇప్పుడు ఒక్కరూ లేరు. నవంబరు 11న మేయరు ఆ పేర్లు ఒక్కొక్కటీ చదువుతాడు, ప్రతి పేరుకూ మేమందరం ఒకే మాట బదులు చెబుతాం: "ఫ్రాన్స్ కోసం చనిపోయాడు." రవి గారూ, కమ్యూన్ ఎందుకు కలపరని అడిగారు కదా. ఆ జాబితా ఏ ఊరిదో మారిపోతుందని కూడా భయం.

రవి_చక్రాలు | సోమవారం, మధ్యాహ్నం 1:15

సరేనండి. దుబారా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మట్టి పోసిన గుంటల మీద మాత్రం నా అభిప్రాయం అదే.

ఇందు_తులూజ్ | మూడు వారాల తరువాత, శుక్రవారం, సాయంత్రం 5:30

కజార్క్ ఇంటికే సంతకం చేశాం. ఈ రోజు మేరీలో బాబు పేరు బడికి రాయించాను. కార్యదర్శి గారు నా ఇంటి పేరు రాయడానికి మూడు కాగితాలు పాడుచేసి, చివరకు కలం నా చేతికే ఇచ్చారు. ఎదురింటి ఆవిడ రాత్రి తలుపు తట్టి చిన్న సీసాలో కుంకుమపువ్వు ఇచ్చింది. ఇక్కడ మెట్టమీది పొలాల్లో పండిస్తారట, అక్టోబరులో దాని పేరిట సంత కూడా ఉందట. పాయసంలో వేసి రేపు ఆవిడకు తిరిగి ఇస్తాను.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఫిజాక్ శనివారం సంతలో కొత్తిమీర కట్టలు ఏ వరసలో దొరుకుతాయి? రెండుసార్లు తిరిగాను, అజమోదమే కనబడింది.

శారద_కెర్సీ | శుక్రవారం, సాయంత్రం 6:02

పెందలాడే రండి, ఎనిమిదిన్నరకల్లా అయిపోతుంది. కేకలు వేయకుండా కూర్చునే ముసలావిడ దగ్గర, ఉల్లిపాయల బుట్ట వెనుక. నేను కూడా వస్తాను, చూపిస్తాను.